సగం పాలు, దూరపు సంబంధం, వాన బీమా: మన ఊరి ప్రశ్నలు నోబెల్ దాకా ఎట్లా పోయాయి?

ఈరోజు ఎపిసోడ్ మూడు ప్రశ్నలతో మొదలుపెడదాం.

ఒకటి. పొలం ఒకరిది, చెమట ఇంకొకరిది. పంట వచ్చాక చెరి సగం. ఈ సగం అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

రెండు. పక్క ఊళ్లోనే మంచి సంబంధం ఉన్నా, కొంతమంది ఆడపిల్లను ముప్పై కిలోమీటర్ల అవతల ఊరికి ఎందుకిస్తారు?

మూడు. వాన పడకపోతే డబ్బులిచ్చే బీమా ఒకటి ఊళ్లోకి వచ్చింది అనుకోండి. వాన గురించి అందరికంటే ఎక్కువ భయపడే రైతు దాన్ని ముందుగా కొనాలి కదా. మరి కొనడేంటి?

మా లింగాల ఘనపూర్‌లో ఇలాంటివి అరుగు మీద ముచ్చట్లు. ఎవరూ వీటిని పెద్ద ప్రశ్నలు అనుకోరు. కానీ ప్రపంచంలో పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు టీ తాగుతూ తల గోక్కున్న పజిల్స్ ఇవే. ఇంకో విషయం ఏంటంటే, ఈ మూడింటి గురించీ మన తెలుగు నేల మీద సేకరించిన లెక్కలతోనే పేపర్లు వచ్చాయి.

ఇప్పుడే ఎందుకు చెప్తున్నా అంటే, అక్టోబర్ వచ్చిందంటే ఆర్థికవేత్తల్లో ఒక ఆట మొదలవుతుంది. ఈసారి నోబెల్ ఎవరికి? మనం ఐపీఎల్ ఫైనల్‌కి ఎట్లా గెస్ చేస్తామో వాళ్లూ అట్లనే సరదాగా పందేలు కాస్తారు. క్లారివేట్ అనే సంస్థ అయితే ఎవరి పేపర్లను మిగతావాళ్లు ఎక్కువగా ప్రస్తావించారో చూసి, సెప్టెంబర్‌లోనే కొన్ని పేర్లు బయటపెడుతుంది.

రూల్స్ సింపుల్. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ వీలునామాలో ఎకనామిక్స్ లేదు. స్వీడన్ సెంట్రల్ బ్యాంక్ 1968లో, తన 300 ఏళ్ల పండుగకు ఈ అవార్డు పెట్టింది. మొదటిసారి ఇచ్చింది 1969లో. ఒక ఏడాదికి ముగ్గురికి మించి ఇవ్వరు. ఎవరిని నామినేట్ చేశారో 50 ఏళ్ల దాకా బయటికి చెప్పరు. అందుకే గెస్ చేయడంలో అంత మజా. నా గెస్ చివర్లో చెప్తా. ముందు కథ విందాం.

సగం పాలు ఎందుకు?

మా దిక్కు దీన్ని పాలుకు చేయడం అంటారు. భూమి ఇచ్చినాయనకు సగం, దున్నినాయనకు సగం. ఇంకో పద్ధతి గుత్త. పంట పండినా ఎండినా ఎకరానికి ఇంత అని ముందే మాట్లాడుకుంటారు.

ఈ సగం పద్ధతిని పాత ఆర్థికవేత్తలు అస్సలు మెచ్చుకోలేదు. ఆడమ్ స్మిత్ 1776లోనే అన్నాడు: ఖర్చేమీ పెట్టని యజమాని సగం ఎత్తుకుపోతుంటే, దున్నేవాడు తన సొంత పైసలు భూమి మీద ఎందుకు పెడతాడు అని. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ కూడా ఇదే లైన్‌లో రాశాడు. లెక్క వేసి చూద్దాం. ఒకరోజు ఎక్కువ కలుపు తీయిస్తే కూలికి 600 ఖర్చు, పంట 1000 రూపాయలు ఎక్కువొస్తుంది. పొలం నీదే అయితే నీకు 400 లాభం. పాలుకు చేస్తే? నీ వాటా 500. చేతి నుంచి వంద పోతుంది. కాబట్టి కలుపు తీయించవు. పంట తగ్గుతుంది, ఇద్దరికీ నష్టం.

మరి ఇంత నష్టమైతే, వందల ఏళ్లుగా ఇన్ని దేశాల్లో జనం ఎందుకు చేస్తున్నారు? అందరూ తెలివి తక్కువోళ్లా? అసలు పజిల్ ఇక్కడుంది.

1969లో స్టీవెన్ చ్యూంగ్ అనే ఆయన పాలు పద్ధతి మీద ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. ఇద్దరూ ఇష్టపడి మాట్లాడుకున్న ఒప్పందాన్ని చూడగానే దండగ అనేయొద్దు అన్నాడు. రిస్క్ సంగతి కూడా ముందుకు తెచ్చాడు. మళ్లీ ఒక లెక్క. అంకెలు నేను పెట్టినవే. మంచి ఏడాది 80 వేల పంట, కరువు ఏడాది 20 వేలు. సగం పాలు అయితే నీకు ఒకసారి 40 వేలు, ఒకసారి 10 వేలు. గుత్త 25 వేలు అనుకో, మంచి ఏడాది 55 వేలు మిగులుతాయి, కరువు ఏడాది ఎదురు 5 వేలు కట్టాలి. రెండు పద్ధతుల్లోనూ సగటు 25 వేలే. కానీ రెండోదాంట్లో ఒక కరువు వస్తే అప్పు మొదలవుతుంది. మొదటి దాంట్లో ఎంతో కొంత చేతిలో ఉంటుంది.

మాకు రెండెకరాలుంది. ఒక అన్న పాలుకు చేస్తాడు. నేను ఇదే లెక్క ఫోన్‌లో ఎక్సెల్ తీసి ఆయనకు చూపించి, "అన్నా, గుత్తకు తీసుకో, మంచిగ పండితే మొత్తం నీకే కదా" అన్నా. ఆయన ఫోన్ వైపు చూడను కూడా చూడలే. "మంచిగ పండితే సరే తమ్మి. బోరు ఎండితే నువ్వొస్తవా కట్టనీకి?" అన్నాడు. చ్యూంగ్ ఒక పుస్తకంలో చెప్పింది ఆయన ఒక్క మాటలో తేల్చాడు.

కానీ కథ ఇక్కడితో అయిపోలే. 1971లో మన కరీంనగర్ ప్రాంతపు ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారు అమెరికాలోని జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో ఒక పేపర్ రాశారు. ప్లానింగ్ కమిషన్ మెంబర్‌గా చేసినాయన, తర్వాత పద్మభూషణ్ కూడా అందుకున్నారు. ఆయన చూసింది ఆంధ్ర వైపు లెక్కలు. వరి పండే చోట సగం పాలు ఎక్కువ, పొగాకు పండే చోట గుత్త ఎక్కువ.

ఒక్క నిమిషం ఆగండి. పొగాకులో రిస్క్ ఎక్కువ. ధర ఎప్పుడు లేస్తుందో ఎప్పుడు పడుతుందో తెలీదు. రిస్క్ కోసమే పాలు అయితే, పొగాకులోనే పాలు ఎక్కువ ఉండాలి కదా? ఉల్టా ఉంది. హనుమంతరావు గారు చెప్పిన కారణం ఇది: పొగాకులో చేసే మనిషి నిర్ణయాలు చాలా ముఖ్యం. ఎంత పెట్టుబడి పెట్టాలి, ఎట్లా చేయాలి అన్నదాని మీద లాభం ఆధారపడుతుంది. అంత బుర్ర పెట్టేవాడు లాభం మొత్తం తనకే కావాలంటాడు. వరిలో ఎవరేం చేయాలో అందరికీ తెలిసిందే, అంత తేడా రాదు, కాబట్టి పంచుకోవచ్చు.

1974లో జోసెఫ్ స్టిగ్లిట్జ్ ఈ రెండు వైపులనూ గణితంలో కలిపాడు. పాలు అంటే ఒక రాజీ. రిస్క్ పంచుకుంటే భద్రత వస్తుంది, కానీ కష్టపడాలన్న కసి కొంచెం తగ్గుతుంది. మొత్తం రిస్క్ ఒకరి నెత్తిన పెడితే కసి ఉంటుంది, కానీ ఒక్క దెబ్బకు కూలిపోతాడు. స్టిగ్లిట్జ్‌కి 2001లో నోబెల్ వచ్చింది. ఈ ఒక్క పేపర్‌కే కాదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియనప్పుడు మార్కెట్ ఎట్లా నడుస్తుందన్న మొత్తం పనికి ఇచ్చారు. 2016లో ఆలివర్ హార్ట్, బెంట్ హోమ్‌స్ట్రోమ్‌లకు ఒప్పందాల థియరీకి ఇచ్చారు. అదీ ఇదే కుటుంబం.

నా పాత ఆఫర్ లెటర్‌లో ఫిక్స్‌డ్ పే, వేరియబుల్ పే అని రెండు లైన్లు ఉండేవి. మీ దాంట్లో కూడా ఉంటాయి. అది కూడా పాలు, గుత్త ముచ్చటే. కంపెనీ రిస్క్‌లో మీరెంత మోయాలి, కంపెనీ ఎంత మోయాలి?

పేపర్లలో మోగిన ఊరు

ఇప్పుడు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరుకు వెళ్దాం. అక్కడ 1972లో ఇక్రిశాట్ పెట్టారు. వర్షాధార పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ. కొత్త విత్తనాలు తయారు చేస్తే సరిపోదు, రైతు అసలు ఎట్లా ఆలోచిస్తాడో తెలియాలి అని అక్కడి ఆర్థికవేత్తలు అనుకున్నారు. 1975లో ఆరు ఊళ్లు తీసుకున్నారు. రెండు మన పాలమూరువి: ఔరేపల్లి, డోకూరు. నాలుగు మహారాష్ట్రవి. ఊరికి 40 ఇళ్లు. కూలీలు పది, చిన్న రైతులు పది, మధ్య రైతులు పది, పెద్ద రైతులు పది. మొత్తం 240 ఇళ్లు.

ఒకసారి సర్వే చేసి పోయే టైపు కాదు. సర్వే చేసే మనిషి ఊళ్లోనే ఉండేవాడు. మూడు నాలుగు వారాలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి ఏం కొన్నారు, ఏం అమ్మారు, ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారు, ఎవరికి సుస్తీ చేసింది, అన్నీ రాసుకునేవాడు. ఇట్లా పదేళ్ల దాకా సాగింది. ఔరేపల్లిది మా ఘనపూర్ లాంటి ఎర్ర చెల్క నేల. ఆముదం, జొన్న, బావి కింద కొంచెం వరి. మొబైల్, యాప్ ఏదీ లేని రోజుల్లో కాగితం మీద రాసిన ఆ లెక్కలు అమెరికా యూనివర్సిటీల దాకా వెళ్లాయి. ఔరేపల్లి పేరు ఎకనామిక్స్ స్టూడెంట్స్‌కి తెలిసిన పేరైపోయింది. మన జిల్లాలో ఎంతమందికి తెలుసు అంటే మాత్రం నేను చెప్పలేను.

ఆ లెక్కల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త రైతులతో నిజం పైసలతో బొమ్మా బొరుసు ఆడించాడు. 1980లో పేపర్ వచ్చింది. ఆట ఇట్లా ఉంటుంది. ఒక పద్ధతిలో బొమ్మ పడ్డా బొరుసు పడ్డా 50 రూపాయలు గ్యారంటీ. ఇంకో పద్ధతిలో ఒకటి పడితే 200, ఇంకోటి పడితే సున్నా. మధ్యలో ఇంకొన్ని మెట్లు. నువ్వే ఎంచుకో. అప్పట్లో ఆ డబ్బులు కూలి మనిషికి వారాల తరబడి సంపాదన.

చిన్న మొత్తాలతో ఆడించినప్పుడు ఒక్కొక్కరు ఒక్కోలా ఆడారు. మొత్తం పెద్దది అయ్యేసరికి దాదాపు అందరూ మధ్య మెట్లకు వచ్చేశారు. కొంచెం జాగ్రత్త, కొంచెం ధైర్యం. డబ్బున్న రైతుకూ, లేని రైతుకూ ఇందులో పెద్ద తేడా కనపడలే. అప్పటిదాకా, పేదోడికి సహజంగానే భయం ఎక్కువ, అందుకే కొత్త పంట వేయడు అనే మాట ఉండేది. ఈ ఆట చూశాక అర్థమయ్యేది ఏంటంటే, తేడా మనస్తత్వంలో లేదు. పెద్ద రైతుకు అప్పు పుడుతుంది, ఎరువు దొరుకుతుంది, నీళ్లున్నాయి. చిన్న రైతుకు అవి లేవు. భయపడకు అని క్లాస్ పీకితే బోరులో నీళ్లు రావు కదా.

ఆడపిల్ల దూరపు ఊరు

రెండో ప్రశ్నకు వద్దాం. 1989లో మార్క్ రోసెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ ఇద్దరూ ఇవే ఊళ్ల లెక్కలతో ఒక పేపర్ రాశారు. మన ఊళ్లో వాన పడకపోతే పక్క ఊళ్లో కూడా పడదు. ముప్పై, నలభై కిలోమీటర్లు పోతే వాన తీరు మారొచ్చు. కాబట్టి వియ్యపురాలి ఊరు దూరంగా ఉంటే, మన దగ్గర కరువొచ్చిన ఏడాది అటు నుంచి సాయం దొరికే అవకాశం ఉంటుంది. ఆదాయం ఎక్కువగా ఊగిసలాడే ఇళ్లు బిడ్డలను ఇంకొంచెం దూరం ఇచ్చాయని, దూరపు సంబంధాలున్న ఇళ్లలో తిండి ఖర్చు అంతగా ఊగలేదని వాళ్లకు కనపడింది.

ఇక్కడ నాకొక డౌట్ ఉంది, చెప్తా. మన తెలుగోళ్లలో మేనరికాలు ఎన్ని! అత్త కొడుకు, మేనమామ, తెలిసిన ఇల్లు, తెలిసిన ఊరు. ఏ తండ్రీ రెయిన్‌ఫాల్ చార్ట్ చూసి పెళ్లి చేయడు. పైగా ఆ "ఇన్సూరెన్స్" కోసం పుట్టిల్లు వదిలి దూరం పోయింది ఒక ఆడపిల్ల. ఆమెను ఎవరడిగారు? ఈ పేపర్ పెళ్లి మొత్తాన్ని చెప్పదు. పెళ్లితో ఏర్పడ్డ చుట్టరికం కరువులో ఎట్లా పనికొస్తుందో చెప్తుంది. అంతవరకు నాకు కరెక్టే అనిపిస్తుంది.

ఇప్పటి సంగతి చూడండి. జనగామ నుంచి హైదరాబాద్ రోడ్డు ఎక్కితే ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు సిటీలో డ్యూటీ చేస్తున్నోళ్లే. నా బీటెక్‌కి ఇంట్లో అప్పు చేసినప్పుడు ఎవరూ రిస్క్ గురించి మాట్లాడలే. కానీ జరిగింది అదే. నాకు వచ్చిన జీతానికీ, ఘనపూర్‌లో పడే వానకూ సంబంధం లేదు. బోరు ఎండిన నెలలో కూడా 1వ తారీఖు జీతం పడేది. ముప్పై కిలోమీటర్ల అవతలి వియ్యంకుడి జాగలోకి గచ్చిబౌలి వచ్చింది. మీరు నెలనెలా ఇంటికి ఫోన్‌పే కొట్టేది కూడా ఇదే, మీరు ఏ పేరు పెట్టుకున్నా సరే.

ఊరే బీమా కంపెనీ

1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ ఎకనొమెట్రికా అనే జర్నల్‌లో ఒక పేపర్ రాశాడు. ఔరేపల్లి, షిరాపూర్, కంజారా, మూడు ఊళ్లు. ఆయన ప్రశ్న: ఒక ఇంట్లో సుస్తీ చేసి, పని పోయి ఆదాయం పడిపోతే, ఆ ఇంటి తిండి కూడా అంతే పడిపోతుందా?

లెక్క చూస్తే అంతగా పడట్లేదు. ఊరంతా తగ్గితే ఆ ఇంట్లోనూ తగ్గుతుంది, ఊరంతా పెరిగితే పెరుగుతుంది. తన ఒక్కడి ఆదాయం పడిన దెబ్బ మాత్రం చాలావరకు తట్టుకుంటున్నాడు. చేబదులు, అప్పు, దాచుకున్న గింజలు, చుట్టాలు, అన్నీ కలిసి ఊరే ఒక బీమా కంపెనీలా పనిచేస్తోంది. పూర్తిగా కాదు. ఒక ఊళ్లో భూమిలేని వాళ్లకు ఈ రక్షణ మిగతావాళ్లకంటే తక్కువ దొరికిందని కూడా ఆ పేపర్‌లోనే ఉంది.

ఇంకో లోపం మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఒక్కడికి కష్టమొస్తే ఊరు మోస్తుంది. కరువొస్తే ఊరందరికీ ఒకేసారి వస్తుంది. అప్పుడు చేబదులు ఇచ్చేదెవరు? అందరూ అడిగేవాళ్లే. మిగిలేది నూటికి రెండు, మూడు రూపాయల మిత్తి. లేకపోతే ఎద్దులు అమ్మాలి, లేకపోతే వలస పోవాలి.

వాన బీమా ఎందుకు కొనలేదు?

ఈ లోటు పూడ్చడానికే 2003లో పాలమూరులో ఒక కొత్త ప్రయోగం చేశారు. బేసిక్స్ అనే గ్రామీణ ఫైనాన్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు వాన బీమా అమ్మాయి. నీ పంట ఎంత పోయిందని ఎవరూ వచ్చి చూడరు. దగ్గర్లోని వాన కొలిచే స్టేషన్‌లో ఇంత కంటే తక్కువ నమోదైతే డబ్బులు వస్తాయి. ఆఫీసర్ చుట్టూ తిరగక్కర్లేదు. కాగితం మీద సూపర్ ఐడియా.

కొన్నోళ్లు తక్కువ. షావియర్ గినే, టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ ఎందుకో తెలుసుకుందామని సర్వే చేశారు. 2008లో పేపర్ వచ్చింది. థియరీ ప్రకారం రిస్క్ అంటే భయపడేవాళ్లే ఎక్కువ కొనాలి. వీళ్లకు కనపడింది ఉల్టా. భయపడేవాళ్లే తక్కువ కొన్నారు. డబ్బున్నవాళ్లు, ఆ సంస్థ ముందే తెలిసినవాళ్లు ఎక్కువ కొన్నారు.

రైతు వైపు నిలబడి చూస్తే ఇది పజిలే కాదు. ఆ బీమానే ఆయనకు ఇంకో రిస్క్. ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బు కట్టాలి, అదీ విత్తనాలకు, ఎరువులకు పైసలు కావాల్సిన టైమ్‌లో. స్టేషన్ దగ్గర వాన పడి నా చేనులో పడకపోతే? అడిగితే ఇస్తారో ఇవ్వరో? తర్వాత ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలో చేసిన ఇంకో పెద్ద ప్రయోగం 2013లో అచ్చయింది. ధర తగ్గిస్తే కొనడం పెరిగింది. ఊరికి నమ్మకమైన మనిషి పక్కనుండి చెప్తే పెరిగింది. చేతిలో కొంచెం క్యాష్ ఉన్నప్పుడు పెరిగింది. అయినా అందరూ కొనే స్థాయికి రాలేదు.

సరే, నా గెస్

2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చింది. బెనర్జీ, డుఫ్లో టీమ్ చేసిన పేరున్న ప్రయోగాల్లో ఒకటి మన హైదరాబాద్ బస్తీలది. 104 బస్తీల్లో లాటరీ తీసినట్టు సగం ఎంచి, వాటిలో మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు ముందు తెరిపించి, తేడా చూశారు. చిన్న అప్పుతో పేదరికం పోతుందన్న ప్రచారం అంత నిజం కాదని తేలింది. అంటే తెలుగు నేల లెక్కలు ఇప్పటికే ఆ స్టేజ్ మీదికి వెళ్లాయి.

కాబట్టి నా గెస్ రాబర్ట్ టౌన్‌సెండ్. ఈ ఎపిసోడ్ చేసే నాటికి ఆయనకు రాలేదు. పక్కన రోసెన్‌జ్వైగ్‌ని కూర్చోబెడితే ఇంకా బాగుంటుంది. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది మళ్లీ ఇదే గెస్ పెడతా.

కానీ అవార్డు ఎవరికొచ్చినా, మన దగ్గర తేలాల్సింది ఒకటుంది. పాలుకు చేసే ఆ అన్న పేరు ఏ కాగితంలోనూ లేదు. ఒప్పందం నోటిమాటే. దానికీ చరిత్ర ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం దున్నేవాడికి రక్షిత కౌలుదారు హక్కులు ఇచ్చింది. మంచి ఉద్దేశమే. కానీ రాసిస్తే భూమి పోతుందేమో అన్న భయం పట్టాదారుల్లో అప్పటినుంచీ ఉండిపోయింది, అందుకే ఎవరూ రాసివ్వరు. 2018లో రైతు బంధు వచ్చినప్పుడు డబ్బులు పట్టాదారు ఖాతాలో పడ్డాయి, కౌలు రైతుకు పడలేదు. వాన రిస్క్‌లో సగం మోసేది ఆయన, సాయం లెక్కలో ఆయన సున్నా.

250 ఏళ్ల కింద ఆడమ్ స్మిత్‌తో మొదలైన ప్రశ్న ఇది. ఆర్థికవేత్తలు ఇన్నాళ్లకు వచ్చి ఒప్పుకున్నది ఏంటంటే, సగం పాలుకు చేసే మనిషి లెక్క తెలియక చేయట్లేదు, బాగా తెలిసే చేస్తున్నాడు. ఆయన లెక్కలో ఉన్న రిస్క్ మన స్కీమ్ రాసేవాళ్ల ఎక్సెల్‌లో ఒక కాలమ్‌గా ఎప్పుడొస్తుందన్నదే మిగిలింది.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒకటి అడగండి. మన పొలం ఎవరు చేస్తున్నారు, పాలుకా గుత్తకా, పోయిన కరువులో ఎవరు ఎంత మోశారు? మీ అమ్మమ్మకో, పెదనాన్నకో అన్నీ గుర్తుంటాయి. వచ్చే ఎపిసోడ్‌లో చిట్టీల చరిత్ర మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.